ప్రింటర్ల నుంచి వీడియోకు మారాలా? దిద్దిన లోపం ఆవిష్కరణ అవుతుందా?

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. నాలుగేళ్లుగా నెట్‌వర్క్ ప్రింటర్లకు ఫర్మ్‌వేర్ (యంత్రం లోపలే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) రాస్తున్నారు. ఆ రంగానికి భవిష్యత్తు లేదని చుట్టూ ఉన్నవాళ్లు అంటున్నారు. మీ సంస్థలోనే వీడియో బృందంలో ఒక చోటు ఖాళీ అయింది, వెళ్లాలా అన్నది మొదటిది. ప్రింట్ జాబ్ (ముద్రించమని ఒకసారికి పంపిన పని) మధ్యలో తెగిపోయే ఒక లోపాన్ని మీరు సరిచేస్తే, దాన్ని పేటెంటుకు పంపుదామని మేనేజరు అంటున్నారు. “నేను దిద్దింది ఒక లోపాన్ని, అది ఆవిష్కరణ ఎలా అవుతుంది?” అన్నది రెండోది. వచ్చే నెల ఒక సదస్సులో ఆ పని గురించే ప్రసంగించబోతున్నారు, ఇబ్బందేమైనా ఉందా అన్నది మూడోది.

మూడోదానికే మొదట జవాబు చెబుతాను, ఎందుకంటే దానికి గడువుంది. దరఖాస్తు దాఖలయ్యేదాకా ప్రసంగించకండి. సారాంశం కూడా పంపకండి. సదస్సు వెబ్‌సైట్లో కనిపించే నాలుగు వాక్యాలు చాలు, విషయం బహిరంగమైనట్టే. ఆవిష్కర్త తానే బయటపెట్టిన విషయానికి అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది. యూరప్‌లో అది దాదాపు లేనట్టే. దాఖలుకు ముందు రోజు పదిమంది ఎదుట చెప్పినా కొత్తదనం పోతుంది. పైగా అమెరికాలోనూ 2013 మార్చి 16 నుంచి ముందు దాఖలు చేసినవారిదే హక్కు. ఆలోచన మీకు ఎప్పుడు తట్టిందో నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నా అది మునుపటిలా కాపాడదు. సమయం లేదనుకుంటే ప్రొవిజనల్ దరఖాస్తు అడగండి. పూర్తి దరఖాస్తు వేయడానికి దానితో 12 నెలల గడువు దొరుకుతుంది. అయితే ప్రసంగం స్లయిడ్లను జతచేసి పంపితే చాలదు. తర్వాత ఏ హక్కు కోరుకుంటారో దాని వివరణ అంతా ఆ మొదటి కాగితాల్లోనే ఉండాలి. మీ ప్రశ్నలో పరిష్కారం వివరాలు రాయలేదు, అది చాలా మంచి పని. జవాబుల్లో ఎవరు అడిగినా రాయకండి.

ఇక అసలు విషయం. నేను మొదటి పదకొండేళ్లు ప్రింటర్ల మీద, ఆ తర్వాతంతా వీడియో మీద పనిచేశాను. రెండు రంగాల్లోనూ నా పేరుతో పేటెంట్లున్నాయి. మారేటప్పుడు నాకూ ఇదే భయం ఉండేది: పదకొండేళ్ల అనుభవాన్ని వదిలేసి మళ్లీ అక్షరాభ్యాసం చేయాలేమో అని. అలా జరగలేదు. ఎందుకు జరగలేదో చెబితే మీ మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది.

లేజర్ ప్రింటర్ లోపల ఏం జరుగుతుందో మీకు తెలుసు, అయినా ఒకసారి వీడియో ఇంజనీరు కళ్లతో చూడండి. కాగితం కదలడం మొదలయ్యాక ఇంజిన్ ఆగదు. డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది, లేజర్ కిరణం గీత తర్వాత గీత గీస్తూనే ఉంటుంది. తర్వాతి గీతకు కావలసిన చుక్కలు ఆ క్షణానికి మెమరీలో సిద్ధంగా లేకపోతే ఆ పేజీ పాడైనట్టే. ఏ4 పేజీ అంగుళానికి 600 చుక్కల చొప్పున దాదాపు 3.5 కోట్ల చుక్కలు. చుక్కకు ఒక బిట్ అనుకున్నా 4 మెగాబైట్లు దాటుతుంది. నాలుగు రంగులు, రంగుకు 8 బిట్లు అంటే 139 మెగాబైట్లు. నిమిషానికి 30 పేజీల యంత్రం ప్రతి 2 సెకన్లకు ఒక పేజీ అడుగుతుంది, అడిగినప్పుడల్లా ఇవ్వాలి. 1984లో వచ్చిన మొదటి హెచ్‌పీ లేజర్‌జెట్‌లో ఉన్నది 128 కిలోబైట్ల మెమరీ. 300 చుక్కల నిండు పేజీ చిత్రానికి ఒక మెగాబైటుకు పైగా కావాలి కాబట్టి పేజీ నిండా బొమ్మ వేయడం దానికి సాధ్యమయ్యేది కాదు. మరుసటి ఏడాది ఆపిల్ లేజర్‌రైటర్ 1.5 మెగాబైట్ల మెమరీతో, పేజీని వర్ణించే పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాషను లోపలే నడిపే ప్రాసెసరుతో వచ్చింది. డెస్క్‌టాప్ పబ్లిషింగ్ దానితోనే ఊపందుకుంది.

వీడియోలోకి వెళ్లిన రెండో వారంలో, కుదించిన వీడియోను విప్పే డీకోడర్‌కు డేటాను ముందుగా నింపి పెట్టే బఫర్ ఖాళీ అయి తెర గడ్డకట్టిన ఒక ఫిర్యాదు నా దగ్గరికి వచ్చింది. లాగ్ చూడగానే అది నాకు పాత పరిచయంలా అనిపించింది. 40 మిల్లీసెకన్లకు ఒక ఫ్రేమ్ అడిగే తెరకూ, 2 సెకన్లకు ఒక పేజీ అడిగే డ్రమ్ముకూ వేగంలోనే తేడా. రెండూ వేచి ఉండలేని యంత్రాలే. ఎంత ముందుగా నింపి పెట్టుకోవాలి, మెమరీ చాలకపోతే ఏ వివరాన్ని తగ్గించాలి, ఆలస్యం నెట్‌వర్క్‌దా డీకోడర్‌దా ఎలా తేల్చాలి అన్న ప్రశ్నలన్నీ నేను అప్పటికే ప్రింటర్ల దగ్గర పడీ లేచీ నేర్చుకున్నవే.

పోలికలు అక్కడితో ఆగవు. బర్కిలీ యూనిక్స్ నుంచి వచ్చిన ఎల్‌పీడీ అనే ముద్రణ పద్ధతిని 1990లో ఆర్‌ఎఫ్‌సీ 1179 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా రాసిపెట్టారు. అందులో జాబ్ పంపడం, వరుస చూడడం, తీసేయడం వంటి కొద్దిపాటి ఆజ్ఞలే ఉండేవి. 1999లో ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్ వచ్చి, సొంత రవాణా పద్ధతిని కనిపెట్టుకోకుండా, వెబ్ పేజీలను మోసే హెచ్‌టీటీపీ మీద ఎక్కి కూర్చుంది. ప్రింటర్ల కోసం హెచ్‌టీటీపీ ఏమిటని అప్పట్లో చాలామంది నొసలు చిట్లించారు. వీడియోలో 1996లో ఆర్‌టీపీ, 1998లో ఆర్‌టీఎస్‌పీ వంటి ప్రత్యేక పద్ధతులు వచ్చాయి. కానీ 2009లో ఆపిల్ హెచ్‌ఎల్‌ఎస్ తెచ్చి వీడియోను చిన్న ముక్కలుగా కోసి మామూలు వెబ్ సర్వర్ నుంచే పంపింది. ప్రింటింగ్ పదేళ్ల ముందు నడిచిన దారే అది. ఫైర్‌వాల్ ఒప్పుకునే దారి, అందరి దగ్గరా ఉన్న సర్వర్, వీటి బలం ఎంతటిదో ప్రింటింగ్ వాళ్లకు ముందే తెలుసు.

నెట్‌వర్క్‌లో పరికరాన్ని దానంతట అదే కనిపించేలా చేయడం కూడా అంతే. ఆపిల్ పాత నెట్‌వర్క్ పద్ధతి ఆపిల్‌టాక్ రోజుల్లో మ్యాక్‌లో ఛూజర్ అనే కిటికీ తెరిస్తే ప్రింటర్లు వరుసగా కనిపించేవి. ఐపీ నెట్‌వర్కులకు మారినప్పుడు ఆ సుఖం పోయింది. దాన్ని తిరిగి తెచ్చే ప్రయత్నం నుంచే బోంజూర్ పుట్టింది, 2013లో ఆర్‌ఎఫ్‌సీ 6762, 6763లుగా ప్రమాణమైంది. 2010 నవంబరులో ఐఓఎస్ 4.2తో ఎయిర్‌ప్రింట్, ఎయిర్‌ప్లే ఒకే రోజున వచ్చాయి. ఒకటి కాగితానికి, ఇంకొకటి తెరకు. రెండూ పరికరాన్ని వెతికేది బోంజూర్‌తోనే.

అడుగున గణితం కూడా ఒకటే. 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు కలిసి డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్‌ను (బొమ్మలో కంటికి అంతగా కనబడని వివరాన్ని వేరుచేసి తగ్గించడానికి వీలిచ్చే గణితాన్ని) ప్రచురించారు. ఆ రావు గారు కామిశెట్టి రామమోహన్ రావు. ఆ పేరు చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. పోస్ట్‌స్క్రిప్ట్ రెండో స్థాయిలో ఫొటో విప్పే ఫిల్టర్, 1992 నాటి జేపెగ్, హెచ్.261 నుంచి ఎంపెగ్-2 వరకు వచ్చిన వీడియో ప్రమాణాలు, అన్నీ 8×8 గడుల మీద ఆ గణితంతోనే పనిచేశాయి. ఒక సెకను 1080 గీతల వీడియోను కుదించకుండా పంపితే 30 ఫ్రేముల చొప్పున 746 మెగాబిట్లు అవుతుంది. మనం 5 మెగాబిట్లతో సరిపెడుతున్నామంటే ఆ పునాది వల్లే.

అయితే ఒక్కచోట రెండు రంగాలూ ఒకదానికొకటి ఎదురుగా నిలబడతాయి. అది ఒంటబట్టడానికి నాకు ఏడాది పట్టింది. ప్రింటింగ్‌లో ఆలస్యమైతే ఫర్వాలేదు, పోతే మాత్రం క్షమించరు. 40వ పేజీ లేని ఒప్పంద పత్రం ఎవరికీ పనికిరాదు. వీడియోలో పోతే ఫర్వాలేదు, ఆలస్యమైతే క్షమించరు. ప్రత్యక్ష సంభాషణలో అర సెకను ఆలస్యంగా చేరిన ప్యాకెట్ చేరినా చేరనట్టే. నేను మొదట రాసిన వీడియో కోడ్ ప్రతి ప్యాకెట్ కోసం ఓపికగా ఎదురుచూసేది. ప్రింటర్ బుద్ధి అది. మీరు మారితే మొదట మార్చుకోవలసింది ఆ బుద్ధినే.

ఇప్పుడు పేటెంటు సంగతి. లోపం దిద్దడం ఆవిష్కరణ ఎలా అవుతుందని అడిగారు. నా అనుభవంలో ఈ రెండు రంగాల్లో నిలబడిన ఆవిష్కరణలన్నీ లోపాల దగ్గరే మొదలయ్యాయి, అందులోనూ రెండు యంత్రాలు ఒకే సంఘటనను రెండు రకాలుగా అర్థం చేసుకున్న చోట. నా మొదటి పేటెంటు కథ చెబుతాను.

వినియోగదారు ఒకరు 300 పేజీల జాబ్ పంపారు. 212వ పేజీ దగ్గర కాగితం ఇరుక్కుంది, ఎవరో ప్రింటర్ ఆపి మళ్లీ వేశారు. కంప్యూటర్ మొత్తం జాబ్‌ను మళ్లీ పంపింది. మొదటి 211 పేజీలు రెండోసారి వచ్చిపడ్డాయి. దీని వెనక ఉన్న అపార్థం ఇది: డేటా అందిందని టీసీపీ (నెట్‌వర్క్‌లో డేటాను చేరవేసే పద్ధతి) చెప్పే మాట, బైట్లు ప్రింటర్ మెమరీలోకి చేరాయన్న మాట మాత్రమే. కాగితం బయటికొచ్చిందని కాదు. ఆ రెండింటి మధ్య కొన్ని నిమిషాల దూరం ఉండవచ్చు. మేం చేసింది, ప్రతి జాబ్‌కు పంపేవైపు నుంచే ఒక గుర్తింపు ఇచ్చి, బయటి సెన్సర్ దాటిన చివరి కాగితం సంఖ్యను కరెంటు పోయినా చెరగని మెమరీలో ఆ గుర్తింపుతో కలిపి రాసి పెట్టడం. అదే జాబ్ మళ్లీ వస్తే ప్రింటర్ అక్కడిదాకా వదిలేసి అక్కడినుంచి మొదలుపెడుతుంది.

“ఆగినచోటు నుంచి కొనసాగే ముద్రణ” అని విశాలంగా హక్కు అడిగాం. పేటెంటు కార్యాలయ పరిశీలకుడు తిప్పికొట్టాడు, న్యాయంగానే. ఫైళ్ల బదిలీని ఆగినచోటు నుంచి కొనసాగించడం పాత విద్య, పేజీ బయటికొచ్చిందని ప్రింటర్ కబురు చెప్పడమూ పాతదే. ఈ రెండింటినీ కలపడం మామూలు నైపుణ్యం ఉన్న ఇంజనీరుకు తట్టేదేనన్నాడు. అప్పుడు మా పేటెంటు న్యాయవాది నన్ను ఒక్క ప్రశ్న అడిగారు: “దీన్ని చేసేటప్పుడు మీకు నిజంగా కష్టమైనది ఏది?”

నాకు వెంటనే గుర్తొచ్చింది. రెండువైపుల ముద్రణ. వేగం కోసం ఆ ఇంజిన్ కాగితాలను లోపల తిప్పుతూ పేజీలను 2, 4, 1, 6, 3 అన్న వరుసలో ముద్రిస్తుంది. ఒక క్షణంలో ఆపి చూస్తే ఇంజిన్ 6వ పేజీ దాకా వేసేసింది, కానీ ట్రేలోకి వచ్చింది ఒక్క కాగితమే. మిగతావి ఒకవైపు ముద్రణతో లోపల తిరుగుతున్నాయి. కాబట్టి “ఎంతవరకు అయింది” అనేదానికి ఒక్క సంఖ్య జవాబు కాదు. ఏ పేజీ చిత్రాన్ని మెమరీలోంచి తీసేయవచ్చు, ఏది ఇంకా దాచుకోవాలి, తిరిగి ఎక్కడ మొదలుపెట్టాలి అన్నవి కాగితం మార్గంలో ఏ కాగితం ఎక్కడుందో దాన్నిబట్టి తేల్చాలి. రెండు వారాలు నన్ను నిద్రపోనివ్వని ఆ లెక్కను నేను న్యాయవాదికి ఇచ్చే ఆవిష్కరణ పత్రంలో ఒక్క ముక్క కూడా రాయలేదు, వివరాల కింద వదిలేశాను. అదృష్టవశాత్తూ దరఖాస్తుకు జతచేసిన బొమ్మల్లో ఆ క్రమం ఉంది. ఉండబట్టే దాన్ని క్లెయిములోకి, అంటే దరఖాస్తులో హక్కు కోరే వాక్యంలోకి, తేగలిగాం. లేకపోతే దాఖలైన తర్వాత కొత్త విషయం చేర్చడానికి వీల్లేదు. దాఖలు నుంచి మంజూరు వరకు నాలుగేళ్లు పట్టింది.

మీరు నింపబోయే పత్రంలో అందుకే “ఏమి సాధించాం” అన్నదానికంటే “ఎక్కడ ఇరుక్కుపోయాం, ముందు ప్రయత్నించినవి ఎందుకు పనిచేయలేదు” అన్నది ఎక్కువ రాయండి. పనిచేయని మూడు ప్రయత్నాలను రాస్తే, ఇది ఎవరికైనా తట్టేదే అన్న అభ్యంతరానికి బలమైన జవాబు అదే. అమెరికాలో సుప్రీంకోర్టు 2007 నాటి కేఎస్‌ఆర్ తీర్పు తర్వాత తెలిసిన రెండు వస్తువుల మామూలు కలయికకు పేటెంటు రావడం కష్టమైంది. 2014 నాటి ఆలిస్ తీర్పు తర్వాత, ఒక ఊహను తీసుకుని కంప్యూటర్ మీద నడిపామంటే చాలదు. ఈ రెండో గండం దాటడానికి మీ రంగమే మీకు అండ. సెన్సర్, కాగితం, డ్రమ్ము, బఫర్, గడియారం, ఇవన్నీ నిజమైన యంత్ర భాగాలు. మీ పరిష్కారం వల్ల మెమరీ ఎంత మిగిలింది, కాగితం ఎంత ఆదా అయింది, యంత్రం ప్రవర్తన ఎలా మారింది అన్నది కొలిచి రాయండి. యూరప్‌లోనూ సాంకేతిక ఫలితం ఏమిటన్నదే అడుగుతారు.

అలాగే మీకు తెలిసిన పాత పరిజ్ఞానాన్ని దాచకండి. ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్‌లో ఎన్ని ముఖాలు ముద్రించారో, ఎన్ని కాగితాలు పూర్తయ్యాయో చెప్పే గుణాలు మొదటినుంచీ ఉన్నాయి. ప్రింటర్ స్థితిని నెట్‌వర్క్ నుంచి చదవడానికి 1995లో వచ్చిన ప్రింటర్ ఎంఐబీ అనే పట్టికలోనూ లెక్కలున్నాయి. మీ లోపం జాబ్ తెగిపోవడం గురించి కాబట్టి ఇవి తప్పక ఎదురవుతాయి. అమెరికాలో తెలిసినదాన్ని కార్యాలయానికి చెప్పడం చట్టపరమైన బాధ్యత, దాస్తే వచ్చిన పేటెంటు కూడా చెల్లకుండా పోవచ్చు.

వీడియోలో నాకు వచ్చినవాటిలో ఒకదాని గురించి కొద్దిగా చెబుతాను. ఒకే వీడియోను గోడ మీద పక్కపక్కనే ఉన్న చాలా తెరలు చూపాలి. ఉదయం బాగానే ఉండేది, సాయంత్రానికి తెరలు ఒకదానికొకటి వెనకబడేవి. గడియారపు స్ఫటికాల మధ్య పది లక్షల్లో 50 వంతుల తేడా ఉంటే 800 సెకన్లకు, అంటే 13 నిమిషాలకు, ఒక ఫ్రేమ్ జారిపోతుంది. గంటకు 180 మిల్లీసెకన్లు. ఆర్‌టీపీతో పాటు వెళ్లే ఆర్‌టీసీపీ నివేదికలతో పంపేవాడి గడియారాన్ని కనిపెట్టి సర్దుకోవడం తెలిసిన పద్ధతే. మేం కొత్తగా చేసింది, సర్దుబాటు కోసం ఒక ఫ్రేమ్‌ను వదలాల్సినా, రెండుసార్లు చూపాల్సినా, దృశ్యం మారే క్షణం వరకు దాన్ని వాయిదా వేసి, అన్ని తెరలూ ఒకే క్షణాన్ని ఎంచుకునేలా చేయడం. ఏ నష్టం కంటికి కనబడదో వెతకడం అన్నది నేను ప్రింటర్లలో ఎన్నడూ ఆలోచించని ప్రశ్న. బహుశా ఏదీ పోకూడదన్న చోటినుంచి వచ్చాను కాబట్టే పోగొట్టడాన్ని అంత జాగ్రత్తగా చూశానేమో.

పేటెంటు వల్ల ఉద్యోగంలో ఒరిగేది ఏమిటి? హక్కు సాధారణంగా సంస్థదే, ఆవిష్కర్తగా పేరు మీది. పేరు జాబితా చూసి నాకు ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. కానీ ఇంటర్వ్యూలో ఆ రెండువైపుల ముద్రణ కథ చెప్పినప్పుడు ఎదుటివారు ముందుకు వంగి వినడం చూశాను. చేసిన పనిని అంత నిశితంగా మాటల్లో పెట్టడం ఆ దరఖాస్తే నాకు నేర్పింది. ఒక జాగ్రత్త: పనిలో పాలుపంచుకున్న పరీక్షకుల పేర్లు, పైఅధికారుల పేర్లు మర్యాద కోసం చేర్చకండి. క్లెయిములోని ఆలోచనకు తోడ్పడినవారే ఆవిష్కర్తలు. తోడ్పడినవారిని వదిలేయడం అంతకంటే పెద్ద తప్పు.

వీడియోలోకి వెళ్తే పేటెంట్ల వాతావరణం వేరుగా ఉంటుందని తెలుసుకోండి. అక్కడ ప్రమాణాల చుట్టూ పేటెంట్ల ఉమ్మడి నిధులుంటాయి, అంటే చాలామంది పేటెంట్లను కలిపి రుసుముకు ఇచ్చే ఏర్పాట్లు. ఎంపెగ్-2 కోసం 1997లో మొదలైన నిధిలోని చివరి అమెరికా పేటెంటు 2018లో ముగిసింది. 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ అనే వీడియో కుదింపు ప్రమాణానికి ఒకటికంటే ఎక్కువ నిధులు ఏర్పడి ఎవరికి ఎంత కట్టాలో తేలక, పెద్ద సంస్థలు 2015లో కూటమి కట్టి 2018లో రుసుము అక్కర్లేకుండా వాడుకునేందుకని ఏవీ1 అనే ప్రమాణాన్ని తెచ్చాయి. అందువల్ల వీడియోలో మీరు రాసే ప్రతి కోడెక్ (వీడియోను కుదించి, విప్పే సాఫ్ట్‌వేర్) పంక్తినీ న్యాయవాదులు చూస్తారు. ప్రింటింగ్‌లో ప్రోటోకాల్ దగ్గర ఆ ఒత్తిడి నాకు ఇంతగా ఎదురుకాలేదు.

భవిష్యత్తు లేదన్న మాట మీద నాకు కోపమే వస్తుంది. 2021లో విండోస్‌లో ముద్రణ పనులను వరుసలో పెట్టే ప్రింట్ స్పూలర్‌లో బయటపడిన ప్రింట్‌నైట్‌మేర్ లోపం వల్ల లోకమంతా సర్వర్లలో ఆ సేవను ఆపుకోవలసి వచ్చింది. ఎవరూ పట్టించుకోని పాత కోడ్ ఎంత లోతుగా నాటుకుని ఉందో అప్పుడు తెలిసింది. గూగుల్ క్లౌడ్ ప్రింట్ 2020 డిసెంబరు 31న మూతపడింది, 1999 నాటి ప్రోటోకాల్ మాత్రం 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8010, 8011లుగా తిరగరాయబడి నేటికీ డ్రైవర్ అక్కర్లేని ముద్రణకు ఆధారంగా ఉంది. ఆ పని తెలిసినవారు తక్కువ, అవసరం తగ్గలేదు.

అయినా మీకు నా సలహా వెళ్లమనే. నాలుగేళ్లలో యంత్రం వేచి ఉండదన్న సంగతి మీకు ఒంటబట్టి ఉంటుంది, అది అక్కడ తొలి రోజునుంచే పనికొస్తుంది. వెళ్లేముందు రెండు పనులు పూర్తి చేయండి. దరఖాస్తు దాఖలయ్యేదాకా న్యాయవాదితో కూర్చుని ముసాయిదాలో ప్రతి బొమ్మనూ మీరే సరిచూడండి, ముఖ్యంగా మీకు చిన్న వివరంగా తోచినవాటిని. ఆ తర్వాత మీ పాత లాగ్‌లు, విఫలమైన ప్రయత్నాల నోట్లు సంస్థ భండారంలో న్యాయవాదికి దొరికేచోట పెట్టండి. పరిశీలకుడి మొదటి తిరస్కరణ రావడానికి ఏడాదో రెండేళ్లో పట్టవచ్చు. అప్పటికి మీరు వీడియో బృందంలో ఉంటారు, “కష్టమైనది ఏది” అని అడగడానికి మిమ్మల్నే వెతుక్కుంటూ వస్తారు.